ఊరోళ్లొచ్చేరు

మా నాన్న ఫోటోకి కౌబాయ్ టోపీ పెట్టారు. బొబ్బిలి నుంచి సాలూరు వెళ్లే రోడ్డులో, ఒక మామిడితోట మలుపు దగ్గర, తాటిచెట్టంత ఎత్తున ఫ్లెక్సీ కట్టారు. అందులో నాన్న నవ్వుతున్నాడు. నుదుట కుంకుమ బొట్టు, భుజాన కండువా, తల మీద మాత్రం అంచులు పైకి మడిచిన తోలు టోపీ. కింద పెద్ద అక్షరాలు: ‘కౌబాయ్ కోట – గోవిందరావు గారి కల’.

బస్సు కిటికీలోంచి అది చూసిన నాకు ఒళ్లు మండిపోయింది. కూర్చున్న చోటి నుంచే మా తమ్ముడు జయకృష్ణకి ఫోన్ చేశాను.

“ఏట్రా ఆ టోపీ?”

“చూసేవా అక్కా! బాగుంది కదూ? వైజాగ్ కుర్రాడొకడు కంప్యూటర్లో పెట్టేడు. అతికించినట్టే లేదు.”

“నాన్న బతికుండగా ఎప్పుడైనా టోపీ పెట్టుకున్నాడా?”

“ఆ సినిమాలన్నీ ఆడించిన మనిషే కదా.”

“ఆడించాడు. వేషం కట్టలేదు. నీ ప్రారంభోత్సవానికి నేను రావాలంటే ముందు ఆ టోపీ తియ్యి.”

తీశాడు. వారం తిరక్కుండా కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. టోపీ పోయింది గానీ కల అలాగే ఉంది. నాన్నకి అలాంటి కలొకటి ఉన్నట్టు నాకెప్పుడూ తెలియదు. గోనెసంచుల ధర పడిపోకూడదనీ, వానాకాలంలో హాలు పైకప్పు కారకూడదనీ, ఆయన కోరుకున్నవి ఈ రెండే.

బొబ్బిలిలో మాది గోనెసంచుల వ్యాపారం. దాంతోపాటు నాన్న ఒక సినిమా హాలు లీజుకి తీసుకుని కొన్నేళ్లు నడిపాడు. మామూలుగా తెలుగు సినిమాలే. ఆదివారం పొద్దుటి ఆటకి మాత్రం ఇంగ్లీషు సినిమా వేసేవారు. అద్దె తక్కువని వైజాగ్ నుంచి పాత ప్రింట్లు రేకు పెట్టెల్లో రైలెక్కి వచ్చేవి. ఒక్కోసారి ఒక రీలు తక్కువ ఉండేది. ఒక్కోసారి ఇంకో సినిమా రీలు మధ్యలో దూరిపోయేది. అయినా ఎవరూ దెబ్బలాటకి వచ్చేవారు కాదు. గుర్రాలు, టోపీలు, తుపాకులు, దుమ్ము ఉంటే చాలు.

నాకప్పుడు పదకొండేళ్లు, తమ్ముడికి అయిదు. ఆదివారం తలంటు పోసుకుని, జుట్టు ఆరకుండానే హాలుకి పరిగెత్తేవాళ్లం. తెర అంచున ఎక్కడో చీమంత చుక్క కనపడేది. అది కదిలి, పెరిగి, గుర్రమై, గుర్రం మీద మనిషై మన ముందుకొచ్చి ఆగేది. ఆ మనిషిని ‘ఎక్కడికెళ్తున్నావ్, ఎప్పుడొస్తావ్’ అని అడిగేవాళ్లు లేరు. వీధి చివరి కొట్టుకి వెళ్లాలన్నా మా నానమ్మ సుభద్రమ్మ అనుమతి కావలసిన ఆడపిల్లకి అదెంత పెద్ద సంగతో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

గోనెపట్టా కత్తిరించి నడుముకి తుపాకీ సంచి కుట్టుకున్నాను. అందులో కొబ్బరిమట్ట తుపాకీ. తమ్ముడు నాకు గుర్రం. గోదాములో బస్తాల మధ్య వాడి నడుముకి పురికొస కట్టి తోలుతుంటే నానమ్మ చూసింది.

“ఒసే అనూరాధా! ఆ కాళ్లేటి, ఆ నడకేటి! రేప్పొద్దున్న నిన్నెవులు సేసుకుంటారే?” అని కేకలు వేసింది.

నన్ను చేసుకున్నాయన మంచివాడే. నాది విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం. ఇంటికి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం వేసే కౌబాయ్ సీరియల్ కోసం నేను సగం పూట సెలవు పెట్టి వస్తే, ఆయన నవ్వి ఊరుకునేవారు. గుర్రం ఎక్కాలన్న కోరిక అరవై దాటినా నాకు పోలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి కొందరు ‘ఆవిడకి ఆ సినిమాలంటేనే పడదు’ అన్నారు. పడకపోవడమేమిటి! వాటి మీద నాకున్న ప్రేమ మా తమ్ముడికి పదో వంతు కూడా లేదు.

ఆ సినిమాల్లో మాటలు మాకు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. అందుకే జోగయ్య ఉండేవాడు. మామూలు రోజుల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. ఆదివారం పొద్దున్న తెర పక్కన స్టూలేసుకుని, మైకు పట్టుకుని కథ చెప్పేవాడు. వాడికీ ఇంగ్లీషు రాదు. బొమ్మ చూసి చెప్పేసేవాడు.

“ఇదిగో సూడండి బాబూ, ఈయన గుర్రం దిగినాడు. దాహమేసినాది. లోపలికెల్లి ఏటి తాగుతాడో మీకే తెలుసు. ఆ మూలని కూకున్నోడున్నాడే, ఆడు మంచోడు కాడు. ఆడి సూపు సూడండి. అయిపోనాది, ఈయేళ ఎవుడో ఒకడు పోతాడు!”

హాలంతా ఈలలు. జోగయ్య కోసమే రెండోసారి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

ప్రతి సినిమాలోనూ ఒక చోట దుమ్ము రేగేది. తలకి ఈకలు, ముఖాలకి రంగులు, నోటి మీద చేత్తో కొట్టుకుంటూ కూతలు పెట్టేవాళ్లు గుంపుగా వచ్చేవారు. అప్పుడు జోగయ్య మైకు నోటికి ఆనించి, గొంతు పెద్దది చేసి అరిచేవాడు. “కొండోళ్లొచ్చేరు! కొండోళ్లొచ్చేరు!” వాళ్లు ఒక్కొక్కరే గుర్రాల మీంచి పడుతుంటే చప్పట్లు, ఈలలు.

సంతకి చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు మోసుకుని దిగిన కొండ మనుషులు, ఒక పూట ఆగి మా హాల్లో సినిమా చూసుకుని వెళ్లేవారు. నేల టిక్కెట్టు కొనుక్కుని తెర ముందు కూర్చునేవారు. ఒక ఆదివారం వాళ్లలో ఒకాయన లేచి నిలబడ్డాడు. నడివయసు మనిషి, భుజాన కావడి బద్ద. తెర మీది వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది.

“బాబూ,” అన్నాడు జోగయ్యతో. “మేం ఎప్పుడలాగొచ్చేం? ఎవుల్ని పొడిసేం?”

హాలు పగలబడి నవ్వింది. ‘కూకో, కూకో’ అని అరిచారు. ఆయన కూర్చోలేదు. నవ్వులు ఆగేదాకా అలాగే నిలబడి, ఆగాక జనం కాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయనతో వచ్చినవాళ్లు కూడా లేచి వెళ్లారు.

ఆట అయ్యాక నాన్న జోగయ్యని ఆఫీసు గదిలోకి పిలిచాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

“జోగయ్యా, ఆ మాట ఇంక అనకు.”

“మరేటనాల బాబూ? తెర మీద ఆళ్లని ఇండియన్లంటన్నారు. ఇండియన్లంటే మనవే గదా? అలాగని సెప్తే జనం నన్ను కొడతారు.”

నాన్న టిక్కెట్ల లెక్క పక్కన పెట్టాడు. “ఆ నేల ముందు నుంచీ ఎవరిది? ఆళ్లదే కదా? టోపీలోళ్లు తరవాతొచ్చినోళ్లు. ఆళ్లని ఊరోళ్లు అను.”

అంతే. నాన్న ఉపన్యాసాలు చెప్పే మనిషి కాదు. తరవాతి ఆదివారం నుంచి దుమ్ము రేగినప్పుడల్లా జోగయ్య “ఊరోళ్లొచ్చేరు!” అనేవాడు. ఆ ఒక్క మాటతో హాలు మారిపోయింది. ఊరోళ్లు పడిపోతుంటే ఈల వెయ్యాలో వద్దో తెలియక జనం ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకునేవారు. ఒకసారి బెంచీ మీంచి ఎవరో “ఊరోళ్లని సంపేత్తన్నార్రా!” అని బాధగా అరవడం నాకు గుర్తుంది.

ఇది నా తమ్ముడికి గుర్తులేదు.

మొన్న డిసెంబరు సెలవుల్లో జయకృష్ణ కట్టిన ఆ కౌబాయ్ కోట హోటలు ప్రారంభమైంది. మామిడితోట సగం కొట్టించి, సినిమాల్లోలాగ చెక్క ముందుగోడలతో ఒక వీధి కట్టించాడు. ఒక సారా కొట్టు, అందులో బిర్యానీ. ఒక బ్యాంకు, అందులో క్యాష్ కౌంటర్. ఒక జైలు, అందులో కొత్త దంపతులు ఫోటోలు దిగే ఏర్పాటు. వైజాగ్ బీచి నుంచి కొన్న మూడు గుర్రాలు. హోటలు కుర్రాళ్లకి టోపీలు, తోలు చొక్కాలు. నిజం చెప్పాలంటే లోపలికి అడుగు పెట్టగానే నాకు అది నచ్చేసింది. ఆ వీధి చివర నిలబడి, చిన్నపిల్లలా కాసేపు చూస్తూ ఉండిపోయాను.

“చూసేవా! మన చిన్నతనమంతా ఇక్కడే ఉంది. మధ్యాహ్నం నువ్వు మాట్లాడాలక్కా, నాన్న గురించి, ఆ సినిమాల గురించి,” అన్నాడు జయకృష్ణ.

మాట్లాడతానన్నాను. చేతులు కడుక్కుందామని బ్యాంకు వెనక్కి వెళ్తే అక్కడొక రేకుల షెడ్డు. లోపల పదిహేను మంది దాకా ఆడవాళ్లూ మగవాళ్లూ. ముఖాలకి ఎర్ర రంగు, తెల్ల రంగు చారలు. తలలకి రంగు ఈకలు గుచ్చిన పట్టీలు. ఒక పెద్దాయన చిన్న మంట ముందు కూర్చుని తుడుం డోలుకి వేడి చూపిస్తున్నాడు.

“ఏ ఊరమ్మా మీది?” అని అద్దంలో చూసుకుంటున్న అమ్మాయిని అడిగాను.

“మక్కువ దాటి కొండ మీదండి. జాతాపోళ్లం. నా పేరు బిడ్డిక యమున. పార్వతీపురంలో డిగ్రీ సదువుతన్నాను. ఈయన మా పెదనాన్న సోమయ్య.”

“ఈ ఈకలేటమ్మా?”

“మాకూ తెల్దండి. డేన్సుకని పిలిసేరు. కందులు పండేక సేసే కంది కొత్తల పండక్కి మేం ఆడతాం గదా, అదే ఆడమన్నారు. పొద్దున్నొచ్చేక ఇవిచ్చినారు. సినిమా లాగుండాలంట.”

“మీకిష్టమేనా?”

“సినిమా అంటే ఇష్టమేనండి. ఫోన్లో ఇయే సూస్తాను నేను. గుర్రమెక్కే ఏషం ఇస్తారేటని అడిగేను. అది హోటలు కుర్రాళ్లకంట,” అని నవ్వింది.

సోమయ్య తలెత్తకుండా అన్నాడు. “కోడి ఈకలు. బ్రాయిలరువి. రంగేసినారు.”

నేను జయకృష్ణ కోసం వెతికాను. వాడు అప్పటికే మైకు పట్టుకుని వీధి మధ్యలో ఉన్నాడు. పిల్లలందరికీ దీపావళికి కాల్చే రీలు తుపాకులు పంచుతున్నారు. వాళ్ల వెనక కుర్చీల్లో అమ్మానాన్నలు, ఊరి పెద్దలు, ఈ వ్యాపారంలో భాగస్వాముల తరఫున వైజాగ్ నుంచి వచ్చినవాళ్లు.

“అదిగో, దుమ్ము రేగుతోంది! ఎవులొస్తన్నారు బాబూ? కొండోళ్లొచ్చేరు! కొండోళ్లొచ్చేరు!”

అచ్చం జోగయ్య గొంతు. నాన్న మానిపించిన మాట. నాన్న ఫోటో తగిలించిన గుమ్మం ముందు నిలబడి, నాన్న కొడుకు అంటున్నాడు.

తుడుం మోగింది. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని వాళ్లు వరసగా ఆడుతూ వచ్చారు. ఎంత బాగుందో ఆ ఆట! పాము కదిలినట్టు వరస కదులుతోంది. పట్టుమని రెండు నిమిషాలు ఆడనివ్వలేదు. “పిల్లలూ, కాల్చండి!” అని మైకులో కేక. టపటపమని తుపాకులు. పక్కనే నిలబడ్డ హోటలు మేనేజరు, పడండి పడండి అని చెయ్యి ఊపుతున్నాడు. వాళ్లకి అది ముందు సరిగ్గా చెప్పినట్టే లేదు. చేతులు పెనవేసుకుని ఆడే ఆటలో పడాలంటే ముందు పక్కవాళ్ల చెయ్యి విడిపించుకోవాలి. వరస అలా ఎక్కడికక్కడ తెగిపోయింది. ఒకావిడ పడబోయి, చీర సర్దుకుని, మోకాళ్ల మీద కూర్చుని పక్కకి వాలింది. అందరూ నవ్వారు.

“లేవండి, లేవండి! పిల్లలు మళ్లీ అడుగుతున్నారు!”

వాళ్లు లేచారు. బట్టలకి ఎర్రమట్టి. మళ్లీ తుడుం అందుకుంటుండగా కుర్చీల్లోంచి ఒక పెద్దమనిషి లేచి వచ్చాడు. కొడుకు చేతిలోని తుపాకీ తీసుకుని సోమయ్య కణతకి ఆనించి, రెండో చేత్తో ఫోన్ పైకెత్తాడు.

“తాతా, భయపడినట్టు పెట్టు మొహం,” అన్నాడు.

సోమయ్య డోలు మీంచి చేతులు తీసేశాడు. భయపడినట్టు పెట్టలేదు. అసలు ఏ మొహమూ పెట్టలేదు. ఆ ఫోన్ వైపే చూశాడు.

యమున వచ్చి, తల మీది పట్టీ తీసి నేల మీద పెట్టింది. విసరలేదు, పెట్టింది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే తీసి దాని పక్కన పెట్టారు.

“ఏటి, ఆపేసేరు?” అన్నాడు జయకృష్ణ మైకులోనే. “ఒప్పుకున్నారు కదా, ఆడండి!”

“ఆడతామని ఒప్పుకున్నాం బాబూ. సస్తామని ఒప్పుకోనేదు,” అంది యమున.

“నిజంగా చావమన్నామా తల్లీ? నాటకం కదా ఇది!”

“నాటకవైతే ఈసారి మేం గుర్రాలెక్కుతాం. ఆ బాబుని పడమనండి,” అంది ఫోన్ పట్టుకున్న పెద్దమనిషిని చూపించి.

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆ పెద్దమనిషి ముఖం కందగడ్డలా అయింది. “తిని కూర్చోక ఎవళ్లనిబడితే వాళ్లని పిలిస్తే ఇలాగే ఉంటుంది,” అని మా వాణ్ని కోప్పడ్డాడు. జయకృష్ణ ఆయనకి సారీ చెప్పాడు. ఆయనకి! అప్పటిదాకా ఎలాగో బిగబట్టుకున్న కోపం అప్పుడు నా చేతిలో లేకుండా పోయింది. వెళ్లి వాడి చేతిలోని మైకు తీసుకున్నాను.

“నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడుతున్నాను. ఈ గుమ్మం మీద ఫోటో మా నాన్నది. ఆయన హాల్లో ఈ మాట అన్నందుకు ఒక కొండమనిషి లేచి, ‘మేం ఎప్పుడొచ్చేం, ఎవుల్ని పొడిసేం’ అని అడిగాడు. జవాబు చెప్పేవాడు లేక మీలాగే అందరూ నవ్వారు. మా నాన్న మాత్రం నవ్వలేదు. ఆ మాట మానిపించాడు. ఆయన పేరు పెట్టుకుని మీరు...”

మైకు మూగబోయింది. జయకృష్ణ వైరు పీకేశాడు. ముప్ఫై ఏళ్లు బ్యాంకు కౌంటర్ దగ్గర అరిచిన గొంతు నాది, వైరుతో పనిలేదు.

“వీళ్ల పండగ ఆటని తెచ్చి మీ పిల్లల చేత కాల్పిస్తున్నారు! రేపు బడిలో పక్కన కొండపిల్ల కూర్చుంటే మీవాడు వేలు తుపాకీలా పెట్టి కాలుస్తాడు. అప్పుడు టీచరు పిలిస్తే మాకేం తెలీదంటారు!”

“సినిమా సరదాకి ఇంత రాద్ధాంతమా అమ్మా?” అంది ముందు వరసలో పట్టుచీర కట్టుకున్నావిడ. “పిల్లలు జడుసుకుంటున్నారు.”

“తుపాకులు పేలితే జడవని పిల్లలు నా మాటకి జడుసుకున్నారా?”

ఆవిడ లేచి వెళ్లిపోయింది. వెనక నుంచి ఎవరో బిర్యానీ చల్లారిపోతుందన్నారు. సగం మంది అటు నడిచారు. నేనేదో పెద్ద గెలిచేశానని ఎవరూ అనుకోవద్దు. ప్లేట్ల చప్పుడులో నా మాటలు ఎవరికీ వినపడలేదు.

“నా పరువు తీసేసేవు కదక్కా,” అన్నాడు జయకృష్ణ. వాడి కళ్లలో నీళ్లున్నాయి. నాకు జాలి కలగలేదు.

యమునా వాళ్లూ ముఖాలు కడుక్కుని రోడ్డు మీదికి నడిచారు. తీసుకొచ్చిన వ్యాను డ్రైవరు, ఓనరు చెప్పందే కదలనన్నాడు. నేనూ వాళ్లతోనే నడిచాను. ఆటోల కోసం నిలబడినప్పుడు యమునతో, “నేను ముందే ఆపించి ఉండాల్సిందమ్మా,” అన్నాను.

“మీరు సెప్పకపోయినా మేం ఎల్లిపోయేవోళ్లవే మేడమ్,” అంది నిదానంగా. “మీరు సెప్పినది మాకోసం కాదు. మీ నాన్నగారి కోసం సెప్పేరు. మంచిదే.”

ఆ మాట నన్ను చురుక్కుమనిపించింది. కానీ అబద్ధం కాదు.

ఆ సంఘటనని ఎవరో ఫోన్లో తీశారు. ‘ఆడతామని ఒప్పుకున్నాం, సస్తామని ఒప్పుకోనేదు’ అన్న యమున మాట జిల్లా అంతా తిరిగింది. కాలేజీ పిల్లలు కౌబాయ్ కోట గేటు ముందు కూర్చున్నారు. పెళ్లి ఫోటోల బుకింగులు ఆగిపోయాయి. జయకృష్ణ మేనేజరు చేత కొండ మీదికి చీరలు, మిఠాయిలు పంపించాడు. అవి కట్టు విప్పకుండా తిరిగొచ్చాయి. అప్పుడు విజయనగరంలో మా ఇంటికి వచ్చాడు.

“బహుమానం పంపితే తిప్పి పంపేరు. ఎంత పొగరో చూడు!”

“నువ్వు వెళ్లావా?”

“నేనెందుకు? మనిషిని పంపేను కదా.”

“అవమానం చేసినప్పుడు మైకు పట్టుకుని నువ్వే చేశావు. అప్పుడు మనిషిని పంపలేదే!”

వాడు మంచినీళ్లు తాగాడు. కాస్త తగ్గాక, “నాన్న మాట మార్పించిన సంగతి నాకు నిజంగా తెలీదక్కా. నాకప్పుడు అయిదేళ్లు. నాకు గుర్తున్నది జోగయ్య అరుపొక్కటే,” అన్నాడు. ఆ మాట నిజమే అనిపించింది. “ఇప్పుడేటి చెయ్యమంటావు?”

“వెళ్లి చెప్పు.”

భాగస్వాములు కూడా అదే అన్నారట. వాళ్లు అన్నది బుకింగుల కోసం. అయినా వెళ్తున్నాడు కదా అని నేనూ కారెక్కాను.

మక్కువ దాటాక రోడ్డు సన్నబడి, కొండెక్కి, ఒక చోట కారు ఆగిపోయింది. అక్కడి నుంచి నడక. జయకృష్ణ ఆయాసపడుతూ వచ్చాడు. ఊళ్లో వాళ్లు మా ఇద్దరికీ ఒక అరుగు మీద చాప వేసి, చోడి పిండి అంబలి ఇచ్చారు. జనం నెమ్మదిగా చేరారు. సోమయ్య డోలు లేకుండా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. యమున వాళ్లమ్మ పక్కన నిలబడింది.

జయకృష్ణ గ్లాసు కింద పెట్టి, నేల చూస్తూ, “తప్పయిపోయింది,” అన్నాడు.

వెనక నుంచి ఒక ముసలావిడ, “ఇనబడ్నేదు,” అంది.

“తప్పయిపోయిందండీ.”

“ఇనబడ్నేదు బాబూ. ఆరోజు మైకులో శానా గట్టిగా అరిసేవంట గదా. అంత గట్టిగా సెప్పు.”

ఎవరూ నవ్వలేదు. జయకృష్ణ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. “మీ ఆటని అలాగ వాడుకోవడం తప్పు. మిమ్మల్ని ఆ మాట అనడం తప్పు. క్షమించండి,” అని గట్టిగానే అన్నాడు. నా తమ్ముడు కాబట్టి నాకూ ఏదోలా అయింది.

“సరే,” అన్నాడు సోమయ్య. “పండక్కి రండి. సూడండి. ఆడాలనుంటే ఆడండి, నేర్పుతాం. మమ్మల్ని సంపడానికి మాత్రం పిలవకండి.”

కొండ దిగాం. జయకృష్ణ కారెక్కి, ఏసీ వేసుకుని, నీళ్ల సీసా ఖాళీ చేశాక ఊపిరి పీల్చుకున్నాడు.

“హమ్మయ్య. అయిపోయింది. మంచోళ్లే కదక్కా. నేననుకున్నంత కష్టం కాలేదు.”

“ఊఁ.”

“ఈసారి ఈకలొద్దు. వాళ్ల పండగ బట్టల్లోనే ఆడమందాం. అసలైనదని చెప్పుకోవచ్చు కూడా. తుపాకులు మాత్రం ఉంచుదాం, పిల్లలకి అవే ఇష్టం.”

నేను వాడి ముఖం చూశాను. హాస్యానికి అనలేదు. లెక్కలు వేసుకుంటున్నాడు.

“కారాపు.”

“ఏమైందక్కా?”

“ఆపమన్నానా!”

మక్కువ సెంటర్లో దిగిపోయాను. ఎండ నెత్తి మీద ఉంది. జయకృష్ణ కారు పక్కకి తీసి, అద్దం దించి, “అక్కా, ఎక్కు, ఏమన్నానని ఇప్పుడు?” అంటూ బతిమాలాడు. ఏమన్నాడో వాడికి అర్థం కాలేదు. అదే నాకు మరీ ఒళ్లు మండించింది. టీకొట్టు దగ్గరి వాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు.

“తుపాకులు తీసేస్తే ఎక్కుతాను,” అన్నాను.

“పిల్లల బొమ్మలక్కా అవి!”

“సరే, వెళ్లు.”

వెళ్లలేదు. ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాడు. బొబ్బిలి బస్సు వచ్చింది. చెయ్యెత్తి ఆపి ఎక్కాను. కండక్టరు సీటు చూపించి, “ఆ కారు మీది కాదేటమ్మా?” అని అడిగాడు. మా తమ్ముడిదన్నాను. “మరైతే?” అన్నాడు. టిక్కెట్టివ్వమన్నాను.

బొబ్బిలి దాకా జయకృష్ణ కారు బస్సు వెనకే వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.